మా పంచాయతీలో అస్థిరత

2 ఏప్రిల్ 1999, శుక్రవారం

ఎరువుల కంపెనీ వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇంతవరకూ ఒక్క అక్షరం రాయలేదు. నా భార్య పద్మలత తనకిమ్మని అడిగినా ఇవ్వలేదు, ఉప సర్పంచ్ అన్నవాడి దగ్గర డైరీ ఉండాలని. ఇవాళ రాయక తప్పడం లేదు. బయట ఎవరితో ఏమన్నా సాయంత్రానికి జనార్ధన్ చెవిలో పడుతుంది.

పొద్దున షామీర్‌పేటలో ఫణిభూషణ్ ఎస్టీడీ బూత్ దగ్గర పేపరు తిరగేస్తుంటే జిల్లా పేజీలో అడుగున మా ఊరి పేరు కనిపించింది. ముందు సంబరపడ్డాను. తర్వాత చదివాను. "ఉప సర్పంచ్‌పై అవిశ్వాసం. పంచాయతీలో అస్థిరత." రాసింది ఎవరో కాదు. బూత్ నడుపుకుంటూ మధ్యమధ్యలో విలేకరి పని చేసే ఆ ఫణిభూషణే. నా ఎదురుగానే కూర్చుని ఎవరికో బిల్లు చింపి ఇస్తున్నాడు.

అవిశ్వాసం సంగతి నాకు కొత్త కాదు. ఇటుకబట్టీ జనార్ధన్ సంతకాలు పెట్టించి ఆర్డీవోకు ఇచ్చి వచ్చాడని మొన్ననే తెలిసింది. ఈ నెల ఇరవై ఆరున ఆర్డీవో మా ఊరికి వచ్చి వార్డు మెంబర్ల చేత చేతులు ఎత్తిస్తాడట. ఎత్తించనీ. నాలుగేళ్లుగా నేను ఉప సర్పంచ్‌ని. మా సర్పంచ్ కుర్మయ్య తాతకు ఎండ తగిలినా నిద్రే, నీడ తగిలినా నిద్రే. ఊరు నడుపుతున్నది ఎవరో ఊరికి తెలుసు.

నన్ను బాధపెట్టింది ఆ మాట. అస్థిరత! ఢిల్లీ ప్రభుత్వానికి వాడే మాట అది. ఉల్లిగడ్డ ధరలకు వాడతారు. వాన ముందు వాతావరణానికి రేడియోలో వాడతారు. నాలాంటి మనిషికి వాడతారా ఎక్కడైనా?

నాకైతే ఆ కుర్చీ మీద మోజేమీ లేదు. ఆ సంగతి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

3 ఏప్రిల్

నిద్ర పట్టలేదు. ఎండల వల్ల.

5 ఏప్రిల్, సోమవారం

తెల్లారకముందే వాకిట్లో బిందెల చప్పుడు. కింది గల్లీ బోరింగు దీపావళి నుంచి చెడిపోయి ఉంది. కొట్టీ కొట్టీ చేతులు నొప్పి పుట్టడమే తప్ప చుక్క రాదు. అందుకని ఆ గల్లీ ఆడవాళ్లంతా మా ఇంటి బోరు దగ్గరికే నీళ్లకు వస్తారు. పద్మలత మోటారు వేస్తుంది. నీళ్లు పట్టుకోవడం కాసేపే, ముచ్చట్లు మాత్రం ఎండెక్కేదాకా సాగుతాయి. అందరికంటే ముందు జయమ్మ, సుచిత్ర. ఇద్దరూ వార్డు మెంబర్లే, పేరుకు. మీటింగులకు వాళ్ల మొగుళ్లు ఇస్తారి, శేఖర్ వచ్చి కూర్చుంటారు. పద్మలత కూడా మెంబరే. ఆ వార్డు ఆడవాళ్లకు రిజర్వయితే నేనే నిలబెట్టి గెలిపించాను. ఆమెకు శ్రమ లేకుండా రిజిస్టరు ఇంటికే తెస్తాను, సంతకం పెడుతుంది.

నన్ను చూసి జయమ్మ, "అన్నా, బోరింగు ఎప్పుడు బాగు జేయిస్తవే? బిందెలు మోసి మోసి నడుములు వడిపోతున్నయి" అంది.

"ఈ అవిశ్వాసం దాటనియ్యి చెల్లె. దాటినంక మొట్టమొదటి పని గదే."

"దీపావళప్పుడు పండుగ దాటనియ్యి అన్నవ్. జాతరప్పుడు జాతర దాటనియ్యి అన్నవ్. ఇగ గిది దాటాల్నా?" అంది సుచిత్ర. నవ్వుతూనే అంది. అందరూ నవ్వారు. మా ఊరి ఆడవాళ్లు చాలా మంచివాళ్లు.

వాళ్లు వెళ్లాక అమ్మను అడిగాను, అస్థిరత అంటే తెలుసా అని. అమ్మ పేరు వజ్రమ్మ. మాట కూడా అంతే గట్టి. "గదేంది?" అంది. నిలకడ లేకుండా ఊగుతూ ఉండడం అని చెప్పాను.

"ఊగితే ఏమాయె కొడుకా? నిన్ను తొట్టెల వేసి ఊపకుంటే పండకపోదువు. ఊగినయన్ని వడయి."

ఎంత బాగా చెప్పింది! పక్కనే బెండకాయలు తరుగుతున్న పద్మలత తలెత్తకుండా, "పంచాయతీల నీ కుర్చీ గూడ ఊగుతది గద" అంది.

నిజమే, ఉప సర్పంచ్ కుర్చీకి ఒక కాలు పొట్టి. నేను కాస్త ఎడమవైపు బరువు వేసి కూర్చుంటాను, ఊగదు. నాలుగేళ్లుగా అట్లాగే కూర్చుంటున్నాను. కూర్చోవడం తెలియాలి. మా టెంట్ హౌస్‌లో కావాల్సినన్ని కుర్చీలున్నాయి, ఒకటి తెచ్చి వేసుకోవచ్చు. కానీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే పెళ్లికొచ్చిన చుట్టంలాగా ఉంటుంది. ఇది టేకుది, చేతులున్నది.

8 ఏప్రిల్, గురువారం

లెక్క చూసుకున్నాను. సర్పంచ్ తాత కాక మొత్తం తొమ్మిది మంది వార్డు మెంబర్లం. నన్ను దించాలంటే ఆరు చేతులు లేవాలి. జనార్ధన్ వైపు అతనితో కలిపి నలుగురు. నా వైపు నేను, నా మాట దాటని సోమయ్య, పద్మలత. మిగిలింది ఇస్తారి, శేఖర్. జయమ్మ, సుచిత్ర అని రాయాలి కాబోలు, ఏదైతేనేం. ఇద్దరూ అటు పోతేనే నాకు దెబ్బ. ఒక్కరు నాతో ఉన్నా చాలు, జనార్ధన్ బట్టీకి వెళ్లి ఇటుకలు కాల్చుకోవాల్సిందే.

అన్నం పెడుతూ పద్మలత, "లెక్క అయిందా?" అంది. అయింది అన్నాను.

"అందర్ని అడిగినవా?"

"అడుగుత. ఒక్కొక్కల్ని ఇంటికి వొయ్యి అడుగుత."

ఇంకేదో అనబోయింది. ఇంతలో మేడ్చల్ నుంచి పెళ్లివాళ్లు వచ్చి షామియానా కావాలంటే లేచి వెళ్లింది. వచ్చే నెలలో అధికమాసం పడుతోందని పెళ్లిళ్లన్నీ ముందుకు జరిగాయి. టెంట్ హౌస్‌లో ఊపిరాడని పని. అదంతా పద్మలతే చూసుకుంటోంది. నాకు ఊరి పని.

11 ఏప్రిల్, ఆదివారం

ఇవాళ ఫణిభూషణ్‌ని గట్టిగా నిలదీద్దామని వెళ్లాను. గోదావరి జిల్లా మనిషి, మేడ్చల్ దగ్గర కొత్త కాలనీలో ఉంటాడు. నేను నోరు తెరవకముందే టీ తెప్పించాడు.

"నేను తప్పు రాయలేదండీ రాఘవేందర్ గారూ. అస్థిరత అంటే పడిపోయిందని కాదండీ. పడిపోతుందని కూడా కాదు. పడొచ్చేమోనని చూసేవాళ్లకి అనిపించడం, అంతే."

"నాకు అనిపిస్తలేదు గద!"

"లోపల కూర్చున్నవాళ్లకి అనిపించదండీ. బస్సులో ఉన్నవాడికి చెట్లు పరిగెడుతున్నట్టు ఉంటుంది గానీ బస్సు పరిగెడుతున్నట్టు ఉంటుందా? కావాలంటే ఖండన రాసివ్వండి, వేయిస్తాను."

అక్కడే కూర్చుని రాశాను. "మాది స్థిరమైన పంచాయతీ" అని. ఆ తర్వాత ఏం రాయాలో తోచలేదు. దుండిగల్ నుంచి ట్రైనింగు విమానం ఒకటి వచ్చి అటు వాలి, ఇటు వాలి మా మీదుగా తిరిగి వెళ్లిపోయింది. అంత ఊగినా పడలేదు. అమ్మ చెప్పిందే సరైన అర్థం. ఖండన జేబులో పెట్టుకుని వచ్చేశాను. తిట్టడానికి వెళ్లిన మనిషిని టీ తాగించి పంపిన ఆ మర్యాద మాత్రం ఒప్పుకోవాలి.

14 ఏప్రిల్

టీవీలో ఢిల్లీ సంగతి చూశాను. ప్రభుత్వానికి మద్దతు వెనక్కి తీసుకున్నారు. ఇన్నేళ్లుగా షామియానాలు వేస్తున్నాను, నాకు తెలియదా! గుంత లోతుగా తవ్వకుండా గుంజ పాతితే గాలి రాగానే ఊగుతుంది. అప్పుడు గాలిని తిట్టి లాభం లేదు. ఢిల్లీ వాళ్లకు ఈ ముక్క చెప్పేవాళ్లు లేరు.

జయమ్మ మళ్లీ బోరింగు మాట ఎత్తింది. ఇరవై ఆరు దాటనియ్యి అన్నాను.

17 ఏప్రిల్, శనివారం

ఒక్క ఓటు! ఒకే ఒక్క ఓటుతో ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయింది. టీవీ ముందు కూర్చున్న నాకు చెమటలు పట్టాయి. అమ్మ ఫ్యాను పెంచింది. అది ఉక్కపోత కాదని ఆమెకెట్లా తెలుస్తుంది?

ఇక ఆలస్యం చేయకూడదు. పెద్ద నాయకులు ఏం చేస్తారో అదే చేయాలి. క్యాంపు పెట్టాలి. ఇస్తారినీ శేఖర్‌నీ ఊళ్లో ఉంచితే జనార్ధన్ ఒక్క సీసా చూపించి తిప్పేసుకుంటాడు. జీపు మాట్లాడాను. రేపు పొద్దున్నే యాదగిరిగుట్ట, అక్కడి నుంచి నాగార్జునసాగర్. కాపలాకు సోమయ్య.

పద్మలతకు చెప్పాను.

"ఎవల్ని తీస్కవోతున్నవ్?" అంది.

"మెంబర్లను."

"మెంబర్లనా?"

"ఆఁ. ఇస్తారిని, శేఖర్‌ను."

 నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని, గోడ పట్టుకుని నవ్వింది. ఏమైందే అంటే, "ఏం లేదు. మంచిగ తిప్పుకరా. వాళ్లను పైలంగ సూస్కో. జల్దీ రాకు" అంది.

నా తెలివికి మెచ్చుకున్నట్టుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇంత మనసారా మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

19 ఏప్రిల్, యాదగిరిగుట్ట

దర్శనం బాగా జరిగింది. స్వామి ఎదుట కొబ్బరికాయ పట్టించి ఇద్దరి చేతా ఒట్టు వేయించాను, "మా ఓటు రాఘవేందరన్నకే" అని. శేఖర్ గడగడా చెప్పేశాడు. జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీలో సెలవు పెట్టి మరీ వచ్చాడు, వాడికి ప్రసాదం పులిహోర ఉంటే చాలు. ఇస్తారి మాత్రం కాయ పట్టుకుని ఆగాడు.

"అన్నా, మా ఓటు అనాల్నా, జయమ్మ ఓటు అనాల్నా?"

"రెండు ఒక్కటే గద ఇస్తారీ."

"గట్లనే గని... దేవుని ముందట గద, పక్కాగ చెప్పాలె."

వెనక జనం తోస్తున్నారు. చెప్పేశాడు. స్వామి విన్నాడు.

21 ఏప్రిల్, నాగార్జునసాగర్

ఊరికి ఫోన్ చేస్తామంటే చేయనివ్వలేదు. జాడ తెలిస్తే జనార్ధన్ మనుషులు జీపు కట్టుకుని వస్తారు. ఇస్తారి పొద్దంతా డ్యామ్ వైపు చూస్తూ కూర్చుంటున్నాడు. "గిన్ని నీళ్లున్నయి ఈడ. మా గల్లీల మా ఆడోళ్లు మీ ఇంటికెళ్లి బిందెలు మోస్తున్నరు" అన్నాడు. అంత నీటిని చూస్తే ఎవరికైనా ఏవో ఆలోచనలు వస్తాయి. చేపల కూర తెప్పించాను.

22 ఏప్రిల్

పేపర్లో పడింది. "వాతావరణంలో అస్థిరత. రంగారెడ్డి జిల్లాలో ఈదురుగాలులు." నిన్న మేడ్చల్ పెళ్లిలో మా పెద్ద షామియానా ఉంది. కూలిపోయిందేమో. పద్మలత ఒక్కతే ఏం చేసి ఉంటుందో! ఫోన్ చేద్దామని బూత్ దాకా వెళ్లాను. నేను పెట్టిన నియమమే గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. శేఖర్ చూసి నవ్వాడు.

ఈ మాట నన్ను సాగర్ దాకా కూడా వదల్లేదు.

23 ఏప్రిల్

ఆశ్చర్యంగా ఉంది. జనార్ధన్ ఇంతవరకూ ఒక్క మనిషిని పంపలేదు. వీళ్లను వెతకనే లేదు. భయపడిపోయినట్టున్నాడు.

25 ఏప్రిల్, ఆదివారం

ఇల్లు చేరాను. వాకిట్లో జయమ్మ, సుచిత్ర, పద్మలత కూర్చుని పల్లీలు వలుస్తున్నారు. మమ్మల్ని చూడగానే మాట ఆపారు. ఇస్తారి తన పెళ్లాం వైపు చూసి ఏదో చెప్పబోతే, "లడ్డు తెచ్చినవా?" అంది జయమ్మ. తేలేదు. పరేషానయ్యాడు పాపం.

షామియానా సంగతి అడిగాను. పడలేదట.

"అంత గాలికి ఎట్ల వడలే?"

"పొద్దున్నే మొగులు సూసి గుంతలు ఇంకింత లోతు తవ్విపిచ్చిన. నేను గూడ వోయిన ఆడికి," అంది పద్మలత.

చాలా సంతోషమేసింది. రేపు మీటింగుకు మంచి చీర కట్టుకుని రమ్మన్నాను. నా పక్క కుర్చీలో కూర్చుంటే చూడముచ్చటగా ఉంటుంది అన్నాను.

"నన్నేమన్న అడిగేదుందా?" అంది.

"ఏం లేదు. అన్ని సక్కగ జేసి వచ్చిన. నువ్వు ఫికరు వెట్టుకోకు."

సరే అంది. దీపం దగ్గర ఒత్తి సరిచేస్తూ ఇంకోసారి సరే అంది.

26 ఏప్రిల్, సోమవారం

ఏడు చేతులు లేచాయి. ఏడో చేతికి నేను చేయించిన గాజులు ఉన్నాయి.

27 ఏప్రిల్

ఇవాళ ఏమీ రాయను.

28 ఏప్రిల్, బుధవారం

రాస్తే గానీ దిగేటట్టు లేదు.

ఆర్డీవో రాగానే చెప్పిన మొదటి మాట, "మెంబర్లు మాత్రమే లోపల ఉండండి" అని. ఇస్తారి, శేఖర్ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ముందు వరుసలో కూర్చున్నారు. "మీ పేర్లు?" అని అడిగి, కాగితం చూసి, ఇద్దరినీ బయటికి పంపించాడు. వాళ్లు వెళ్లి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు లోపలికి వచ్చారు ముగ్గురు. గంజి పెట్టిన చీరల్లో, కలిసి. ముందు వరుసలో కూర్చున్నారు. నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

ఆ క్షణంలో నాకు అర్థమైంది. వారం రోజులు నేను ఎవరిని కాపలా కాశానో, ఎవరిని ఊళ్లో వదిలేసి వెళ్లానో! తాళం జేబులో వేసుకుని తలుపు తెరిచిపెట్టి వెళ్లాను.

అవిశ్వాసానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాడు ఆర్డీవో. జనార్ధన్ వాళ్లవి నాలుగు లేచాయి. తర్వాత జయమ్మది. కిటికీలోంచి ఇస్తారి అరిచాడు, "ఏయ్ జయమ్మా! నేను దేవుని ముందట ఒట్టేసొచ్చిన!"

"ఒట్టు నువ్వేసినవ్. నేనేసిన్నా?" అంది జయమ్మ, చెయ్యి దించకుండానే.

ఆర్డీవో జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత సుచిత్రది లేచింది. తర్వాత పద్మలతది. నా వైపు చూసే ఎత్తింది, దొంగచాటుగా కాదు. నేను ఎడమవైపు బరువు వేయడం మరిచిపోయినట్టున్నాను, కుర్చీ టక్కున ఒకసారి ఊగింది. ఆ చప్పుడుకు కుర్మయ్య తాత నిద్ర లేచి, "అయిపోయిందా?" అన్నాడు.

అయిపోయింది తాతా.

29 ఏప్రిల్

మూడు రోజులుగా పద్మలతతో మాట్లాడటం లేదు. తను మాత్రం మాట్లాడుతూనే ఉంది. అన్నం తింటవా, స్నానానికి నీళ్లు తోడాల్నా, గజ్వేల్ పెళ్లికి గిన్నెలు పంపాల్నా అని. చెరువు మీద అలిగినట్టే ఉంది నా అలక. చెరువుకేం కాదు, నాకే దాహం.

ఇవాళ నేనే అడిగాను. "ఎందుకు జేసినవ్ గట్ల?"

"బోరింగు దీపావళి సంది గట్లనే ఉంది."

"నాకు ఇంట్ల చెప్తే అయిపోతుండె గద!"

"చెప్పలేదా? గది గాదు నా బాధ." కూర్చుంది. "ఇస్తారిని అడిగినవ్. శేఖర్‌ను అడిగినవ్. గుట్ట మీదికి వొయ్యి దేవున్ని గూడ అడిగినవ్. నా ఓటు ఎటో ఒక్కనాడన్న నన్ను అడిగినవా? అడిగితే చెప్తుంటి. నీకు ఎయ్య, బోరింగు బాగుజేస్తెనే ఏస్త అని మొకం మీదనే చెప్తుంటి."

 చాలా బాధగా ఉంది. కుర్చీ పోయినందుకు కాదు. కొంత అందుకు కూడా. కానీ ఈ పేజీలు వెనక్కి తిప్పి చూసుకుంటే ఆమె అడగమని ఎన్నిసార్లు అడిగిందో నేనే నా చేత్తో రాసి పెట్టుకున్నాను. గుంత లోతు తవ్వలేదు. ఎవరినో తిట్టి లాభం లేదు.

2 మే, ఆదివారం

జనార్ధన్ వచ్చాడు. ఇంటికి కాదు, టెంట్ హౌస్‌కు, పద్మలత లేనప్పుడు. పదో తారీకున కొత్త ఉప సర్పంచ్ ఎన్నిక. నన్ను దించితే తననే ఎక్కిస్తారని అనుకున్నాడు పాపం. ఆడవాళ్లు పద్మలతను నిలబెడుతున్నారు.

అతనికి నాలుగు చేతులు. ఆడవాళ్లవి మూడు. మిగిలింది నేను, నేను ఎటంటే అటు వచ్చే సోమయ్య. అంటే నేను ఎటు ఎత్తితే అటే కుర్చీ.

"తమ్మీ, అయిందేదో అయింది. మొగోళ్లం మనం ఒక్కటి గావాలె. ఊరంత నవ్వుతాంది. రేపు నీ పెండ్లాం కుర్చీల కూసుంటే నువ్వేడ కూసుంటవ్?" అన్నాడు. "పద, జీపు తెచ్చిన. ఎన్నికదాక శ్రీశైలం వొయ్యొద్దాం. ఖర్చంత నాదే."

నన్ను క్యాంపుకు పిలుస్తున్నాడు! ఆలోచిస్తానని చెప్పాను. నిజంగానే ఆలోచిస్తున్నాను. నువ్వేడ కూసుంటవ్ అన్న మాట గుచ్చుకుంది.

4 మే

అన్నం ముందు కూర్చోగానే అమ్మ, "ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు. నువ్వు రెండు దిక్కుల ఓడి కూసున్నవ్ గదరా" అంది. పప్పు మాత్రం రెండుసార్లు వేసింది.

7 మే, శుక్రవారం

ఫణిభూషణ్ మళ్లీ రాశాడు. "పంచాయతీలో కొనసాగుతున్న అస్థిరత. మాజీ ఉప సర్పంచ్ ఎటువైపు?" ఈసారి నాకు కోపం రాలేదు. పొద్దున జనార్ధన్ వైపు ఉంటాను. మధ్యాహ్నం పద్మలత చేతి సద్దిడబ్బా విప్పగానే ఇటు వస్తాను. సాయంత్రం హోటల్ దగ్గర ఎవరో "మేడమ్‌గారి సారు" అని నవ్వితే మళ్లీ అటు వెళ్తాను. పంచాయతీ దాని చోట అది బాగానే ఉంది. ఊగుతున్నది నేను. లోపల కూర్చున్నవాడికి తెలియదన్నాడు గానీ, తెలుస్తుంది. 

9 మే, ఆదివారం

టెంట్ హౌస్‌లో గిన్నెలు సర్దుతున్నాను. ముగ్గురూ వచ్చారు. పద్మలత చేతిలో కుంకుమ భరిణె. ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి ఓటడిగినట్టే వచ్చారు. ఏదో తమాషా అనుకున్నాను.

తమాషా కాదు. పద్మలత ముందుకొచ్చి నా నుదుట బొట్టు పెట్టింది. ఇన్నేళ్లుగా ఒక కంచంలో తిన్న మనిషి, కొత్త మనిషితో మాట్లాడినట్టు నిలబడి మాట్లాడింది.

"రేపు ఎన్నికల నిలవడుతున్న. బోరింగు బాగు జేయించాలని ఉంది. బడికాడ ఇంకోటి ఏయించాలని ఉంది. నా దిక్కు చెయ్యి ఎత్తుతవా?"

 "ఎత్తకుంటే?" అన్నాను.

"ఎత్తకుంటే ఎత్తకపో. అన్నమైతే పెడత. గని నీ ఓటు నీది గద, అడగాలె. అందుకే అడుగుతున్న."

జయమ్మ, సుచిత్ర అటు తిరిగి గరిటెలు లెక్కపెడుతున్నట్టు నటించారు. నేను సర్దిన గిన్నెలనే మళ్లీ సర్దాను.  వాళ్లు వెళ్లాక అద్దంలో చూసుకుంటే బొట్టు కొంచెం పక్కకు జరిగి ఉంది. సరిచేయలేదు, అట్లాగే ఉంచుకున్నాను.

10 మే, సోమవారం

జనార్ధన్‌కు నాలుగు లేచాయి. అధికారి పద్మలత పేరు చదివాడు. మూడు లేచాయి. సోమయ్య నా వైపు చూశాడు, జనార్ధన్ నా వైపు చూశాడు, కిటికీలోంచి ఇస్తారి, శేఖర్ నా వైపు చూశారు.

ఎత్తాను. అడిగింది కదా. సోమయ్య కూడా ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అధికారి దించమన్నదాకా దించలేదు. నా ఊగడం ఆగిపోయింది.

పద్మలత కుర్చీలో వెంటనే కూర్చోలేదు. ముందు చేత్తో పట్టుకుని ఊపి చూసింది. వడ్రంగి ఎంకయ్యను పిలిపించింది. టీ వచ్చేలోపల అతను పొట్టి కాలికి అతుకు వేసి పోయాడు. నాలుగేళ్లలో నాకు ఆ ఆలోచన రాలేదు. అప్పుడు కూర్చుంది.

18 మే, మంగళవారం

నిన్న సాయంత్రం కింది గల్లీ బోరింగులో నీళ్లు పడ్డాయి. మొదటి బిందె జయమ్మ నా నెత్తి మీద పోసింది. ఇవాళ పొద్దున మా వాకిట్లో బిందెల చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దానికే రోజూ కంటే ముందు మెలకువ వచ్చేసింది.

20 మే, గురువారం

ఇవాళ కొత్త ఉప సర్పంచ్ మొదటి మీటింగు. మామూలు మెంబరుగా వెళ్లాను. నువ్వేడ కూసుంటవ్ అన్నాడు కదా జనార్ధన్. మా టెంట్ హౌస్ నుంచే ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి మొదటి వరుసలో వేసుకున్నాను. కొత్తది, నాలుగు కాళ్లూ సమానం. దర్జాగా కూర్చుని, అలవాటు ప్రకారం ఎడమవైపు బరువు వేశాను.

కుర్చీతో సహా పక్కకు పడ్డాను.

పంచాయతీ అంతా నవ్వింది. జనార్ధన్ నవ్వాడు, కుర్మయ్య తాత నిద్ర మానుకుని నవ్వాడు, మూల కూర్చుని రాసుకుంటున్న ఫణిభూషణ్ పెన్ను కింద పెట్టి మరీ నవ్వాడు. కింద పడి నేను కూడా నవ్వాను. పద్మలత ఒక్కతే నవ్వలేదు. లేచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని లేపి, కుర్చీ నిలబెట్టి దుమ్ము దులిపింది.

"ఇగ సక్కగ కూసో," అంది. "గిది ఊగది."